కన్నయ్య గొంతుతో ఇంగ్లీషు

రామతులసికి గొంతు పోయింది. విశాఖపట్నంలో డాక్టరు ఆపరేషను చేసి గొంతు తీగల మీది గడ్డలు తీసేశాడు. ఆవగింజంతవి. గడ్డలతోపాటు మాట కూడా వెళ్ళిపోయింది. నోరు తెరిస్తే గాలి వస్తుంది. ఆ గాలి మీద మాట నిలవదు.

గుసగుసగా కూడా మాట్లాడవద్దన్నాడు డాక్టరు. అరుపు కంటే గుసగుసే ఎక్కువ చేటన్నాడు. అరవడానికి ఆమెకేముంది.

ఆమె ఇంగ్లీషు టీచరు. ఒడిశాలో బిస్సమ్ కటక్‌కి కొంచెం అవతల, కొండ దిగువన, ఆడపిల్లలకు హాస్టలుతో పాటు ఒక గవర్నమెంటు స్కూలు ఉంది. పిల్లలు కొండ ఊళ్ళ నుంచి వస్తారు. ఇంట్లో తమ కొండ భాష కువి మాట్లాడతారు. స్కూలుకి వచ్చి ఒడియా నేర్చుకుంటారు. ఆ తరువాత ఇంగ్లీషు. రామతులసికీ అది మూడోదే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. అందుకే ఆ భాష నడకలో రాళ్ళు ఎక్కడ తగులుతాయో ఆమెకు తెలుసు. పిల్లలు ఆగినచోట ఆమె కూడా ఒకప్పుడు ఆగింది.

వాళ్ళది వ్యాపారుల ఇల్లు. తాత బొబ్బిలి వైపు నుంచి ఉప్పు, బెల్లం బండి మీద వేసుకుని వచ్చి ఇక్కడ ఆగిపోయాడు. తండ్రి దాన్ని హోల్‌సేలు కొట్టు చేశాడు. ఆ ఇంట్లో ఆడపిల్ల, మగపిల్లాడు అనే తేడా లేకుండా అందరికీ ఒకటే పని. కాటా దగ్గర కూర్చోవడం. బడి నుంచి రాగానే రామతులసి పలక పక్కన పెట్టి పప్పు తూచేది, చింతపండు తూచేది, బియ్యం తూచేది. కొన్నాళ్ళకి చేతిలో ఎంత ఉందో కాటా కంటే ముందు చేతికే తెలిసిపోయేది. కొట్టుకి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు. ఆమెకు భయం వేసేది. ఈ చెయ్యి ఇక ఇంకేమీ నేర్చుకోదేమో అనిపించేది.

టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు తండ్రి అడ్డు చెప్పలేదు. నవ్వాడు.

"కాటా పట్టిన సేతికి సుద్దముక్క తేలిగ్గా ఉంటాది గానీ, నోరు నొప్పెడతాది సూసుకో అమ్మీ," అన్నాడు.

రామతులసి పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడిగి అడిగి మానేశారు. తమ్ముడు కన్నయ్య కుటుంబంతోనే ఉంటుంది. తండ్రి పోయాక కొట్టు కన్నయ్య చూసుకుంటున్నాడు. ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు గిన్నెలు ఆటోలో వేసుకుని సంతలు కూడా తిరుగుతాడు. గుడారి సంత, మునిగుడ సంత, దారిలో ఉన్నవన్నీ. ఆటో నెత్తి మీద స్పీకరు. అందులో అతని గొంతే. "ఆసొ మావుసీ ఆసొ, దేఖొ మావుసీ దేఖొ." రండి పిన్నీ రండి, చూడండి పిన్నీ చూడండి అని. ఆ గొంతు ముందు నడిచి వస్తుంది, వెనక ఆటో వస్తుంది.

సెలవు అయిపోయి రామతులసి స్కూలుకి వెళ్ళిన రోజు హెడ్‌మిస్ట్రెస్ సస్మిత ఆమెను గదిలో కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. చెప్పడానికి ఇష్టం లేని మాటలు చెప్పేముందు ఆవిడ టీ తెప్పిస్తుంది.

"రామ దిదీ, పైనుంచి మాట వచ్చింది. నా మాట కాదు. మాట లేని మనిషి భాష ఎలా చెబుతుందని బ్లాకు ఆఫీసరు అడుగుతున్నాడు. హాస్టలు స్టోరు ఖాళీగా ఉంది. మిమ్మల్ని అక్కడికి వెయ్యమంటున్నాడు. జీతం అదే."

రామతులసి ఫోనులో టైపు చేసి చూపించింది. 'స్టోరులో ఏం చెయ్యాలి?'

"పెద్ద పనేమీ లేదు. పొద్దునా సాయంత్రం వంటవాళ్ళకి బియ్యం, పప్పు తూచి ఇవ్వాలి. మీకు అలవాటే కదా."

సస్మిత మంచిగానే అంది. రామతులసి టీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది. గ్లాసు కింద పెట్టి మళ్ళీ టైపు చేసింది. 'ఎప్పుడు?'

"దసరా సెలవులయ్యాక ఆయనే వస్తాడు. మీ క్లాసు చూస్తాడు. చూశాకే అని నేను పట్టుబట్టాను. అంతకంటే నా చేతిలో లేదు."

స్కూలు బీరువాలో ఒక స్పీకరు డబ్బా ఉంది. దానితోపాటు ఇంగ్లీషు పాఠాలున్న పెన్‌డ్రైవ్ ఒకటి. డిపార్టుమెంటు ఎప్పుడో పంపింది. గొంతు ఉన్నన్నాళ్ళూ రామతులసి దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు దుమ్ము తుడిచి ఏడో తరగతికి తీసుకెళ్ళింది.

డబ్బాలో ఎవరో దొరసాని. గొంతు సన్నగా, అద్దంలా ఉంది. ఒక వాక్యం చెబుతుంది, కాసేపు ఆగుతుంది, ఆ ఖాళీలో పిల్లలు చెప్పాలి. దొరసాని చెప్పింది. ఖాళీ వచ్చింది. ఖాళీ వెళ్ళిపోయింది. పిల్లలు మర్యాదగా డబ్బా వైపు చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ పెట్టింది. వేగం తగ్గించి పెట్టింది. అప్పుడు దొరసాని గొంతు మగగొంతులా సాగింది, పిల్లలు భయపడ్డారు. రోజులు గడిచాయి. నోళ్ళు తెరుచుకోలేదు.

ఆ ఆదివారం సాయంత్రం రామతులసి పాఠం పుస్తకం పట్టుకుని కొట్టు వెనక గోడౌనుకి వెళ్ళింది. కన్నయ్య సంత ప్రకటనలు అక్కడే రికార్డు చేసుకుంటాడు. పప్పు బస్తాల మధ్య కూర్చుంటే గొంతు గోడకి కొట్టుకోదు, శుభ్రంగా వస్తుంది. ఆమె పుస్తకం అతని ఒళ్ళో పెట్టి వేలితో చూపించింది.

"ఏటప్పా, నాను సదవాలా?" అన్నాడు కన్నయ్య. అక్కను అప్ప అనే పిలుస్తాడు. "నాకు ఇంగ్లీసు ఎక్కడొచ్చింది? ప్లస్‌టూలో ఆగిపోనాను కదా."

చదువు అన్నట్టు ఆమె మళ్ళీ వేలు పెట్టింది.

"వేర్ ఈజ్ యువర్ మదర్." చదివి తలెత్తాడు. "అమ్మెక్కడుందనా? అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెల్దేటి? ఇప్పుడా అడగడం?"

ఆమె పుస్తకం మూసి దానితో అతని భుజం మీద కొట్టింది. కన్నయ్య నవ్వి, గొంతు సవరించుకుని, ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు. చదివాడు. ఆమె పక్కన కూర్చుని ఎక్కడ ఆగాలో అతని మోకాలి మీద తట్టింది. తప్పు పలికితే పెదవులతో చూపించింది. అతను ఆమె నోటి వైపు చూసి మళ్ళీ పలికాడు. చీకటి పడేలోపు రెండు పాఠాలు అయ్యాయి.

మర్నాడు ఆ రికార్డు ఎక్కించి క్లాసులో డబ్బా పెట్టింది. పక్కనే నిలబడింది. పిల్లలందరూ డబ్బానే చూడడం ఆమెకు నచ్చలేదు. అందుకని కన్నయ్య గొంతుతో పాటు తన పెదవులు కూడా కదిపింది. శబ్దం డబ్బాది, నోరు ఆమెది.

"వేర్ ఈజ్ యువర్ మదర్?" అంది డబ్బా.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఖాళీ వచ్చింది.

"వేర్ ఈజ్ యువర్ మదర్?" అంది క్లాసు మొత్తం.

రామతులసి డబ్బా ఆపేసింది. కిటికీ దాకా వెళ్ళి నిలబడి, కాసేపటికి వెనక్కి వచ్చింది. మళ్ళీ పెట్టింది.

ఆ నెల అంతా అలాగే సాగింది. కన్నయ్య గోడౌనులో చదివాడు, పిల్లలు క్లాసులో పలికారు. జయంతి అనే పిల్ల ముందు బల్లలో కూర్చునేది. భయం తక్కువ. ఖాళీ రాకముందే చెప్పేసేది. వెనక బల్లల వాళ్ళు కూడా నోరు తెరిచారు. ఒక పొద్దున్న హాస్టలు పంపు దగ్గర పళ్ళు తోముకుంటూ ఇద్దరు పిల్లలు ఒకరినొకరు ఇంగ్లీషులో తల్లి ఎక్కడని అడిగారు. పొలంలో ఉందని చెప్పుకున్నారు. రామతులసి ఆగి విని వెళ్ళిపోయింది.

సెలవులకి ముందు రోజు సస్మిత క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంట కొట్టాక రామతులసిని వరండాలోకి పిలిచింది.

"దిదీ, ఇది నేను నా గదిలోంచి రోజూ వింటున్నాను. మీకు నిజంగా తెలియడం లేదా?"

ఏమిటన్నట్టు చూసింది రామతులసి.

"మీ పిల్లలు ఇంగ్లీషు చెప్పడం లేదు. బకెట్లు అమ్ముతున్నారు."

రామతులసికి అర్థం కాలేదు. సస్మిత చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, పలికి చూపించింది. "మై మదర్ ఈజ్ ఇన్ ద ఫీ...ల్డ్." మధ్యలో గొంతు ఎక్కింది. చివర గాలిలో వేలాడింది. సంత అవతలి చివర నిలబడ్డ మనిషి తల తిప్పేలాగ. "ఆసొ మావుసీ ఆ...సొ," అంది వెంటనే. రెండూ ఒకటే.

 రామతులసి ఇంట్లో ఎవరికీ అది రాగం కాదు. తండ్రి అలాగే పిలిచేవాడు. తాత కూడా అలాగే పిలిచేవాడట. అన్నానికి రమ్మన్నా, ఆటో వచ్చిందన్నా కన్నయ్య అలాగే అంటాడు. పుట్టినప్పటి నుంచి ఆమె వింటున్న మామూలు మాట అది. పిల్లలు మాత్రం ఆ గొంతుని మొదటి రోజే పోల్చుకున్నారు. తల్లుల చెయ్యి పట్టుకుని ఆ ఆటో చుట్టూ నిలబడ్డ పిల్లలు వాళ్ళు. అందుకే నోళ్ళు తెరుచుకున్నాయి.

"ఆఫీసరు ఇది విన్నాడంటే," అని ఆగిపోయింది సస్మిత. మిగతాది ఇద్దరికీ తెలుసు.

సెలవుల్లో రామతులసి తమ్ముణ్ణి మళ్ళీ బస్తాల మధ్య కూర్చోబెట్టింది. స్టోరు సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఆఫీసుకి వెళ్ళి గొడవ పెట్టుకుంటాడు. 'మామూలుగా చదువు' అని మాత్రం ఫోనులో రాసి చూపించింది.

"మామూలుగానే కదా సదివేను."

'రాగం లేకుండా.'

"రాగమేటి? నానేటి పాటలు పాడతన్నానా?" కన్నయ్యకి కొంచెం కష్టం తోచింది. అయినా చదివాడు. అదే వచ్చింది. కూర్చుని చదివాడు, నిలబడి చదివాడు. పడుకో అని ఆమె సైగ చేస్తే కందిపప్పు బస్తా మీద వెల్లకిలా పడుకుని చదివాడు. పడుకున్నా గొంతు లేచి కూర్చుంది.

"ఇదే నా మామూలప్పా. ఇంకోటి లేదు నా దగ్గర."

అతని పెళ్ళాం గుమ్మంలోంచి చూసి, "బస్తా మీదెక్కి ఎవులికి అమ్మతన్నావు? అక్కడెవులూ లేరు, ఎలకలున్నాయి," అని వెళ్ళిపోయింది. ఇక ఆ సాయంత్రం పని జరగలేదు.

సెలవులయ్యాక మనోరంజన్ బాబు వచ్చాడు. బ్లాకు ఎడ్యుకేషన్ ఆఫీసరు. నెమ్మదైన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ వేయించినా కూర్చోలేదు, తలుపు పక్కన నిలబడ్డాడు. రామతులసి డబ్బా పెట్టింది. పాత రికార్డే. వేరేది లేదు.

డబ్బా అడిగింది. క్లాసు జవాబు చెప్పింది. మై మదర్ ఈజ్ ఇన్ ద ఫీల్డ్. మై ఫాదర్ ఈజ్ ఇన్ ద మార్కెట్. ఒక్క మాట తప్పు పోలేదు. మనోరంజన్ బాబు తల పక్కకి వంచి విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. తరువాత విప్పుకున్నాయి.

"ఈ గొంతు నేనెక్కడో విన్నాను," అన్నాడు. "మొన్న గుడారి సంతలో కాదూ? మగ్గు కొన్నాను."

"ఆయనే సార్," అంది జయంతి లేచి. "కన్నయ్య బాబు. దిదీ తమ్ముడు."

"మగ్గు బాగుందా సార్?" అని వెనక నుంచి ఎవరో.

ఆయన నవ్వేశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. పిల్లలు కూడా నవ్వారు. సస్మిత నేల చూసింది. రామతులసి నవ్వలేదు. డబ్బా మీద చెయ్యి వేసి నిలబడింది.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత మాట్లాడినప్పుడు గొంతులో నవ్వు లేదు, కోపం కూడా లేదు.

"దిదీ, తప్పుగా అనుకోకండి. డబ్బా పాడుతోంది, పిల్లలు పాడుతున్నారు. ఇందులో మీరేం చేస్తున్నారు? మీరు స్టోరులో ఉన్నా డబ్బా పాడుతుంది కదా."

ఆమె చెయ్యి ఫోను దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. 

"డబ్బా ఆపేయండి. అందులో లేని వాక్యం ఒకటి వీళ్ళతో చెప్పించండి. బోర్డు మీద రాయకుండా. అది చాలు నాకు."

రామతులసి డబ్బా ఆపింది.  ఆమె బల్లల మధ్యకి వచ్చి నిలబడింది. ఎదురుగా తలుపు, తలుపు పక్కన ఆయన. ఆమె నోరు తెరిచింది. ఒక వాక్యం. శబ్దం లేదు. పెదవులు కలిశాయి, విడిపోయాయి, నాలుక పళ్ళకి తగిలింది.

ఎవరూ పలకలేదు.

మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా. పిల్లలు ముందుకి వంగారు. ఒక నెలంతా వాళ్ళు వింటున్నప్పుడు ఎదురుగా కదిలిన నోరు అది. చెవులు డబ్బాకి ఇచ్చినా కళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. అక్కడే పెట్టుకున్నారు.

"స్టాండింగ్," అంది జయంతి.

రామతులసి తల ఊపింది. మళ్ళీ మొదటి నుంచి.

"సర్," అంది ఇంకో పిల్ల. "ద సర్."

"ద సర్ ఈజ్," అంది పక్కనున్నది.

"డోర్," అన్నారు వెనక బల్ల నుంచి. ఆ పిల్ల అందరితో కలిసి చెప్పేటప్పుడు నోరు ఊరికే కదిపే పిల్ల. ఆమె గొంతు విడిగా వినడం రామతులసికి కూడా అదే మొదటిసారి.

మధ్యలో ఒక మాట మిగిలిపోయింది. అది పెదవుల మీద సరిగ్గా కనపడే మాట కాదు. లోపల నాలుక చేసే పని. రామతులసి పిల్లలకి దగ్గరగా వెళ్ళి నోరు తెరిచి నాలుక ఎక్కడ పెట్టాలో చూపించింది. ఒకరు ఒకటన్నారు. తల అడ్డంగా ఊపి కాదంది. ఇంకొకరు ఇంకొకటన్నారు. కాదంది. ఆమె మెడ మీద చెమట పట్టింది. మనోరంజన్ బాబు కదల్లేదు.

"నియర్," అన్నారు ఇద్దరు ఒకేసారి.

ఆమె రెండు చేతులూ దగ్గరకి చేర్చింది. అంతా కలిపి.

"ద సర్ ఈజ్ స్టాండింగ్ నియర్ ద డోర్."

ఒకరు ముందు, ఒకరు వెనక. కొందరు మధ్యలో ఆగి అందుకున్నారు. ఎవరి గొంతు వాళ్ళది. ఏ గొంతూ పైకి ఎక్కలేదు, చివర వేలాడలేదు. పెదవులకి రాగం లేదు.

మనోరంజన్ బాబు తను నిలబడ్డచోటు ఒకసారి చూసుకున్నాడు. తలుపు చూశాడు. తరువాత, కాళ్ళు నొప్పి పుట్టాయో ఏమో, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ద సర్ ఈజ్ సిట్టింగ్," అంది జయంతి.

ఆ మాట ఎవరూ పెదవులతో చెప్పలేదు.

వరండాలో చెప్పులు వేసుకుంటూ ఆయన సస్మితతో అన్నాడు. "స్టోరుకి వేరే మనిషిని చూడండి." రామతులసి వైపు తిరిగాడు. "సంవత్సరం ఆఖరు పరీక్షలు చూశాక మళ్ళీ మాట్లాడదాం. అంతవరకు క్లాసు మీదే. ఆ రాగం మాత్రం కొంచెం తగ్గించండి దిదీ. వేరే స్కూలు వాళ్ళు వింటే నన్ను కూడా బకెట్లు అమ్ముకోమంటారు."

సాయంత్రం ఆమె కన్నయ్యకి అంతా టైపు చేసి చూపించింది. స్టోరు సంగతి కూడా. అతను ఫోను దూరంగా పెట్టుకుని నిదానంగా చదివాడు.

"నవ్వేరా?"

ఆమె తల ఊపింది.

"నవ్వనీ. సంతలో నవ్వినోడే ఆగుతాడు." ఇంకా చదివాడు. ముఖం మారింది. "బియ్యం తూసే పనికా? నిన్నా?" కాటా వైపు చూశాడు. అతను రోజూ కూర్చునే చోటు అది. "ముందే సెప్పకూడదేటప్పా? నాను ఏదోలాగ సదివేద్దును కదా."



అతను పుస్తకం అడిగి తీసుకుని గోడౌనులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆమెను రావద్దన్నాడు. చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"ఇందులో రాగం లేదు సూడు," అన్నాడు. గర్వంగా అన్నట్టు లేదు.

మర్నాడు క్లాసులో ఆమె ఆ కొత్త పాఠం పెట్టింది. కన్నయ్య గొంతు వచ్చింది. నిజంగానే రాగం లేదు. మాట మీద మాట, మెట్టు దిగుతున్నట్టు, ఎక్కడా ఎత్తకుండా, గొంతు మీద చెయ్యి వేసి నొక్కినట్టు. ఒక వాక్యం అయింది. ఖాళీ వచ్చింది.

పిల్లలు పలకలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. జయంతి చెయ్యి ఎత్తింది.

"దిదీ, కన్నయ్య బాబుకి జ్వరమా?"

రామతులసి భుజాలు కదిలాయి. మొదట ఏడుస్తోందనుకుని పిల్లలు భయపడ్డారు. తరువాత ముఖం చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఆమె నవ్వుకి శబ్దం లేదు, వాళ్ళ నవ్వుకి ఉంది. కాసేపు క్లాసంతా అదే.

ఆమె కళ్ళు తుడుచుకుంది. డబ్బా ఆపేసింది. నవ్వుతూనే నోరు తెరిచి వాక్యం మొదలుపెట్టింది. నవ్వుతుంటే పెదవులు సరిగా తెలియడం లేదని పిల్లలు గోల చేశారు. ఆమె నవ్వు ఆపుకుని, మొదటి నుంచి, నెమ్మదిగా చెప్పింది.